రెండో గుండీ

మా అన్నయ్యది జనానికి సమయం మిగుల్చుకోవడం నేర్పే ఉద్యోగం. కంపెనీల వాళ్ళు పిలుస్తారు. ఈయన కోటు తొడుక్కుని వెళ్తాడు, చెవికి మైకు తగిలించుకుని అటూ ఇటూ నడుస్తూ మాట్లాడతాడు, వాళ్ళు ఆవలింతలు ఆపుకుని చప్పట్లు కొడతారు. ఇంతమందికి ఇంత సమయం మిగిల్చిపెట్టిన మనిషికి, అమ్మని చూసి రావడానికి మాత్రం ఒక్క పూట దొరకదు. అమ్మ ఉన్నది ఏ దూరదేశంలోనో కాదు. ఇదే ఊళ్ళో. వాళ్ళింటి ముందు ఎక్కిన బస్సు నేరుగా ఆ హోము గేటు ముందే ఆగుతుంది. కిటికీ పక్క సీటు దొరికి కాస్త కునుకు పట్టేలోపే దిగాల్సి వస్తుంది.

నా సంగతీ చెప్పాలి, లేకపోతే మధ్యలో ఈవిడెవరు అంటారు. నేను ఆయన చెల్లెల్ని. కారు నడపడం నేర్పుతాను. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు ఎడాపెడా తిప్పేస్తుంటే పక్కసీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవడం నా పని. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. దానివల్ల ఒక పాడు అలవాటు పట్టుకుంది. ఎదుటివాళ్ళు తప్పు చేయబోతున్నారనిపిస్తే చాలు, నా కుడికాలు దానంతటదే నేలని నొక్కేస్తుంది. అన్నయ్యతో ఫోన్లో మాట్లాడీ మాట్లాడీ మా వంటింట్లో ఒకచోట గచ్చు నునుపు తేలింది.

అమ్మ బట్టలు కుట్టేది. ముందుగదిలో మిషను, గోడకి టేపు, కిటికీలో గుండీల డబ్బా. చుట్టుపక్కల బడిపిల్లల యూనిఫారాలన్నీ ఆవిడ చేతిలోంచే వెళ్ళేవి. నాన్న త్వరగా పోయాడు. మా ఇద్దరి చదువులూ ఆ మిషను మీదే నడిచాయి. కత్తెర పక్కనే ఉన్నా దారం పళ్ళతోనే కొరికేది. "కత్తెర వెతుక్కునే లోపు ఇంకో గుండీకి కాజా అయిపోతుంది" అనేది. సమయం మిగల్చడం గురించి మా ఇంట్లో ఎవరికైనా నిజంగా తెలిసిందంటే ఆవిడకే తెలుసు.

తర్వాత మరపు వచ్చింది. మొదట తాళాలు మరిచిపోయింది, తర్వాత వీధులు. ఒకరోజు ఎప్పుడో కూల్చేసిన ఇంటికి చొక్కా ఇవ్వడానికని బయల్దేరి, ఊరి చివర బస్సు షెడ్డులో దొరికింది. ఒంటరిగా ఉంచడం కుదరక ఇద్దరం కలిసి ఆ హోములో చేర్చాం. అక్కడి డాక్టరమ్మ మొదటిరోజే దాపరికం లేకుండా చెప్పింది. "పేర్లు ముందు పోతాయి, ముఖాలు తర్వాత పోతాయి. ఎవరి ముఖం ఎప్పుడు పోతుందో చెప్పలేం. అన్నిటికంటే ఆఖర్న పోయేది బెంగ. ఏం జరిగిందో గుర్తుండదు, దాని తాలూకు బెంగ మాత్రం ఉండిపోతుంది."

నా ముఖం ముందే పోయింది. ఒక ఆదివారం వెళ్ళేసరికి అమ్మ నన్ను చూసి కంగారుగా లేచి నిలబడింది.

"వచ్చేశారా? మీ గౌను ఇంకా అవలేదండీ. కాజాలు మిగిలిపోయాయి. వచ్చే వారం రండి."

ఏదో ఒకటి అనాలి కదా అని, "పర్లేదండీ, తొందరేం లేదు" అన్నాను.

"అందరూ అలాగే అంటారు. మర్నాడు పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చుంటారు."

ఆరోజు కారులో కూర్చుని ఏడ్చాను. స్టీరింగు మీద వాలిపోయిన తల హారన్‌ని నొక్కేస్తోందని కూడా తెలియలేదు. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, "మేడమ్, లోపల పెద్దవాళ్ళు పడుకున్నారు" అన్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం నేను గౌను కోసం వెళ్తున్నాను. ప్రతి ఆదివారం కాజాలు మిగిలే ఉంటున్నాయి. కుట్టుపనివాళ్ళు చెప్పే గడువు ఎలా ఉంటుందో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు కాబట్టి పెద్దగా నొచ్చుకోలేదని చెప్పాలనుంది. నొచ్చుకున్నాను.

అమ్మకి మిగిలింది అన్నయ్య ముఖం ఒక్కటే. ఇంట్లో ఆయన ముద్దుపేరు చంటి. జుట్టు నెరిసి, కళ్ళద్దాలు వచ్చి, పొట్ట వచ్చాక కూడా అమ్మకి ఆయన చంటే. ఆ పేరు మాత్రం గడియారంలా పలికేది.

ఆ హోముకి ఒక మేనేజరు ఉన్నాడు. ఎప్పుడూ ఎవరో ఫొటో తీస్తున్నట్టే నవ్వే మనిషి. దూరాన ఉన్న పిల్లలు రోజూ తల్లిదండ్రులకు కనపడేలా టీ గదిలో వీడియో కాల్సు పెట్టించాడు. బల్లకొక ట్యాబు, దానికొక స్టాండు, గోడ మీద 'మనసులు దగ్గరే' అని ఒక బ్యానరు. బల్లలకి చోటు చాలక, చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం ఉంచిన కుర్చీలు తీసి గోడౌన్లో పడేశారు. దూరంగా ఉన్నవాళ్ళ కోసం పెట్టిన ఏర్పాటది. పెట్టీ పెట్టగానే దగ్గర ఉన్నవాళ్ళు కూడా దూరమైపోయారు. అందులో మొదటివాడు మా అన్నయ్య.

రోజూ టీ వేళకి ట్యాబులో అన్నయ్య ప్రత్యక్షమయ్యేవాడు. కాల్లో ఆయన అమ్మ ముఖం చూసేవాడు కాదు, మూలన చిన్న గడిలో కనపడే తన ముఖం చూసుకునేవాడు. చెయ్యెత్తి జుట్టు సర్దుకునేవాడు. అది చూసి అమ్మ కూడా జుట్టు సర్దుకునేది. తిన్నావా, మందులు వేసుకున్నావా, నిద్ర పట్టిందా, అని అడిగేవాడు. ఆవిడ ఏం చెప్పినా, "సరేనమ్మా" అనేవాడు. అయినా అమ్మ ముఖం వెలిగిపోయేది. అది చూస్తే నాకు ఒకపక్క సంతోషం, ఒకపక్క ఒళ్ళుమంట.

"అన్నయ్యా, ఒక్కసారి రా," అని బతిమాలాను. "ఇంకా నీ ముఖం గుర్తుంది. ఎదురుగా కూర్చో, చెయ్యి పట్టుకో. అది కూడా పోయాక వచ్చి ఏం చేస్తావు?"

"రోజూ చూస్తూనే ఉందిగా," అన్నాడు. "నువ్వు వారానికోసారి కనపడతావు, నిన్ను మరిచిపోయింది. నేను రోజూ కనపడుతున్నాను, నేను గుర్తున్నాను. ఎవరి పద్ధతి మంచిదో నువ్వే ఆలోచించు."

నా కాలు గచ్చుని నొక్కింది. ఏం లాభం, ఆయన కారు ఆగలేదు.

ఆ తర్వాత సంగతి నేను వెంటనే కనిపెట్టలేదని ఒప్పుకోవాలి. మనిషికీ వీడియోకీ తేడా తెలిసేంత తేడా మా అన్నయ్య ఎప్పుడూ చూపించలేదు మరి. ఒక ఆదివారం అమ్మ పక్కన నిలబడి కాల్ చూస్తున్నాను. ఆయన "నిద్ర పట్టిందా అమ్మా" అంటున్నాడు, వెనకాల మా వదిన తలకి తువ్వాలు చుట్టుకుని గదిలోంచి అటు వెళ్ళింది. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. చూస్తే వదిన.

"బజార్లో ఉన్నాను, నీకేమైనా కావాలా?" అంది.

ట్యాబులో ఉన్న వదినని చూశాను, ఫోన్లో ఉన్న వదిన మాట విన్నాను. "వదినా, నువ్వు తలంటుకుని ఎన్నాళ్ళయింది?" అని అడిగాను. ఆవిడ నాకు మతి పోయిందనుకుంది. మా ఇంట్లో అది వచ్చే జబ్బే కాబట్టి చాలా జాలిగా మాట్లాడింది.

సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేస్తే ఏమాత్రం తడబడలేదు. పైగా గర్వపడ్డాడు.

"బాగా వచ్చింది కదూ? రోజూ అవే మూడు మాటలు. ఒకసారి చక్కగా తీసిపెట్టుకుంటే పోతుందనిపించింది. మధ్యమధ్యలో ఆవిడ మాట్లాడ్డానికి ఖాళీ వదిలాను. ఎక్కడ ఎంత ఆగాలో నాకంటే ఎవరికి తెలుసు?"

"అమ్మని మోసం చేస్తున్నావు."

"మోసం ఏముంది? ఆవిడకి తేడా తెలీదు. సంతోషంగా ఉంది. నాకు సాయంత్రాలు మిగిలాయి."

"మిగిలిన సాయంత్రాల్లో ఏం చేస్తున్నావు?"

"క్లాసు ఒప్పుకున్నాను."

"దేని మీద?"

కాస్త ఆగాడు. అది ఆయన వదిలే ఖాళీలలో ఒకటి కాదు. "కుటుంబానికి సమయం కేటాయించడం మీద," అన్నాడు.

మర్నాడే మేనేజరు దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేశాను. చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. విన్నాక ఆయన కళ్ళు మెరిశాయి. "అద్భుతం మేడమ్. మీ అన్నయ్యగారి నంబరు ఇస్తారా?" అన్నాడు.

ఆ తర్వాత కాల్ తెగిపోవడం, పిల్లలు మీటింగులో ఉన్నామనడం, అటువైపు రాత్రి అనడం, ఇవేవీ లేకుండా పోయాయి. ఖాళీలు ఎలా వదలాలో చెబుతూ అన్నయ్య ఒక వీడియో తీసి పంపాడు. అది చూసి పిల్లలంతా తలా ఒకటి తీసి పంపారు. టీ వేళకి ఎవరో ఒక మీట నొక్కితే బల్లబల్లకీ ఒక కొడుకో కూతురో ప్రత్యక్షం. అందరూ ఒకేసారి "తిన్నావా" అని అడిగేవారు.

ఒక పెద్దావిడ కూతురి వీడియోలో మధ్యలో తలుపు గంట మోగుతుంది. పాపం ఆవిడ రోజూ లేచి వెళ్ళి తలుపు తీసి, ఎవరూ లేరని తిరిగి వచ్చి కూర్చుంటుంది. ఒక ముసలాయన కూతురు చివర్లో వీడియో ఆపడం రాక, "దీన్నెలా ఆపాలి, ఆగిందా?" అంటుంది. ఆయన రోజూ ఎంతో ఓపిగ్గా, "కింద ఎర్రచుక్క నొక్కమ్మా" అని నేర్పిస్తాడు. ఇంకొకాయన ఒకప్పుడు లాయరు. కొడుకుతో జీవితమంతా గొడవేనట. ఇప్పుడు ఆ కొడుకు ఏమన్నా తల ఊపుతున్నాడు. "వాడికి ఈ వయసులో బుద్ధి వచ్చిందండీ" అని లాయరుగారు నర్సులందరికీ చెప్పుకుంటున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియని గది అది. నేను రెండూ చేశాను, నర్సు చూడకుండా.

ఇక అమ్మ సంగతి. వీడియో తీసిన రోజు అన్నయ్య వేసుకున్న చొక్కాకి మెడ కింద రెండో గుండీ లేదు. ఆయన చూసుకోలేదు, ముఖమే చూసుకుంటాడు కదా. వదిన చూడలేదు. అమ్మ చూసింది. పేర్లు పోయినా, వీధులు పోయినా, కన్న కూతురు పోయినా, ఊడిన గుండీ ఆవిడ కంటికి దొరక్కుండా పోలేదు.

"చంటీ, రెండో గుండీ ఏదిరా?" అంటూ ట్యాబు అద్దం మీద వేలు పెట్టి చూపించింది. "అలాగే ఊరంతా తిరుగుతున్నావా? నా దగ్గరికి రా, కుట్టిపెడతాను."

"సరేనమ్మా," అన్నాడు వీడియో అన్నయ్య.

"రేపు వస్తావా?"

ఖాళీ. "సరేనమ్మా."

అమ్మ తృప్తిగా తల ఊపింది. కాల్ అయిపోగానే వెళ్ళి ముఖం కడుక్కుంది, స్వెట్టరు మార్చుకుంది, ముందు తలుపు పక్కన బెంచీ మీద కూర్చుంది. భోజనాల గంట కొట్టేదాకా కదల్లేదు. నర్సుని అడిగితే, "రోజూ అంతేనండీ" అంది. "ఎవరికోసం అంటే చెప్పలేరు. ఎవరో వస్తారని మాత్రం అంటారు. లోపలికి రమ్మంటే కోప్పడతారు."

డాక్టరమ్మ చెప్పిన మాట అప్పుడు నాకు నిజంగా అర్థమైంది. ఎవరు వస్తానన్నారో పోయింది, వస్తానన్నారన్నది ఉండిపోయింది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. నాలో ఆ రెండూ ఎప్పుడూ కలిసే ప్రయాణం చేస్తాయి.

"నువ్వు రోజూ అమ్మకి వస్తానని చెప్తున్నావు," అన్నాను అన్నయ్యతో ఫోన్లో.

"నేనెప్పుడు చెప్పాను?"

"రేపు వస్తావా అంటే సరేనమ్మా అంటున్నావు."

"అది దేనికైనా సరిపోతుందని పెట్టాను."

"సరిపోతోంది. ఆవిడ గుమ్మంలో కూర్చుంటోంది. కనీసం ఆ గుండీ కుట్టించుకుని ఆ చొక్కా వేసుకుని రా."

వెనకనుంచి వదిన గొంతు వినపడింది. ఆ చొక్కా ఎప్పుడో చింపేశారట, దాంతో కారు తుడుస్తున్నారట. "పోనీలే, గుండీలన్నీ ఉన్న చొక్కా వేసుకుని కొత్త వీడియో తీసి పంపిస్తాను" అన్నాడు అన్నయ్య. అది కూడా పంపలేదు. తీరిక దొరకలేదట.

ఆ రోజుల్లోనే హోములో గుండీలు మాయమవడం మొదలైంది. మొదట లాయరుగారి పైజమాది. తర్వాత నర్సుల యూనిఫారాలవి, డాక్టరమ్మ తెల్లకోటువి. ఉతికి ఆరేసిన చొక్కాలు నోళ్ళు తెరుచుకుని తిరిగొచ్చేవి. మేనేజరు చాకలిని నిలదీశాడు. చాకలివాడు కొత్త వాషింగ్ మిషను మీద నెట్టేశాడు. మిషను కంపెనీ నుంచి ఒకతను వచ్చి, గంభీరంగా తిప్పి చూసి, నీళ్ళది తప్పన్నాడు.

సరిగ్గా అప్పుడే ఆ వీడియో కాల్సుకి ఒక అవార్డు వచ్చింది. వృద్ధుల ఒంటరితనాన్ని తొలగించినందుకట. టీ గదిలో సభ పెట్టారు. ఇవ్వడానికి రావాల్సిన పెద్దమనిషి తీరిక లేక తన వీడియో పంపించాడు. ట్యాబులో ఆయన చెయ్యి చాస్తే, మేనేజరు ఆ ట్యాబుతోనే కరచాలనం చేసినట్టు నిలబడ్డాడు. ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు. మేనేజరు ఊపిరి బిగబట్టి ఛాతీ ముందుకు పెట్టాడు. కోటు ఆగలేదు, రెండు తలుపుల్లా విచ్చుకుంది. గుండీ ఉండాల్సిన చోట కొరికిన దారం వేలాడుతోంది.

కత్తెరతో తెంపిన దారానికీ పంటితో కొరికిన దారానికీ తేడా మా ఇంట్లో పెరిగినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. నేను నోరు మూసుకున్నాను. అయినా ఆ సాయంత్రమే గదులన్నీ వెతికారు. అమ్మ దిండు గలీబులో దొరికాయి. చిన్నవి ఒకపక్క, పెద్దవి ఒకపక్క, తెల్లవి వేరే, రంగువి వేరే, అన్నీ చక్కగా మూటలు కట్టి ఉన్నాయి. మేనేజరు నల్ల గుండీ విడిగా ఒక రుమాల్లో ఉంది. పనికిరాదని పక్కన పెట్టినట్టుంది.

"జబ్బు ముదిరింది మేడమ్," అన్నాడు మేనేజరు నాతో. "దొంగతనం మొదలైంది. పై అంతస్తుకి మార్చాలి. అక్కడ తలుపులకి తాళాలుంటాయి, భయం లేదు. కాల్సు ఉండవు. అక్కడి గౌన్లకి గుండీలు కూడా ఉండవు, అన్నీ వెనక ముడులే."

"ఆవిడ దొంగ కాదు. కొడుక్కి గుండీ వెతుకుతోంది," అన్నాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు కానీ మాట లోపలికి వెళ్ళలేదు. చేర్చినప్పుడు ఇంటిపెద్దగా రాసుకున్న అన్నయ్యే వచ్చి ఒప్పుకోవాలన్నాడు.

అన్నయ్య వీడియోలో వచ్చి ఒప్పుకుంటానన్నాడు. కుదరదన్నారు. మనిషిని చూడ్డానికి వీడియో చాలట, మనిషిని పైకి పంపడానికి మాత్రం మనిషే రావాలట. అది ఆ హోము నియమం. జన్మలో మొదటిసారి ఒక నియమానికి దణ్ణం పెట్టుకున్నాను.

అన్నయ్య వచ్చాడు. ఏదో క్లాసునుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కోటు, మెరిసే బూట్లు, మెడలో మైకు తీగ కూడా తీయలేదు. మెట్ల పైనున్న ఆఫీసు గదిలో మేనేజరు చెప్పిందంతా విని, "మీకు ఎలా మంచిదనిపిస్తే అలా చేయండి" అన్నాడు. గడియారం చూసుకున్నాడు.

నా కాలు నేలని నొక్కింది, ఈసారి నోరు కూడా తెరుచుకుంది. "ముందు కిందికి వచ్చి అమ్మకి నీ నోటితో చెప్పు. తలుపుకి తాళం వేయిస్తున్నానని చెప్పు. టీ వేళయింది, నువ్వెలాగూ ఇప్పుడు ఆవిడకి కనపడాలి కదా."

మేనేజరు ముందు గొడవెందుకనేమో, లేచాడు. దారిలో, "నన్ను చూస్తే సంతోషిస్తుందిలే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నడక మారింది. కాస్త వేగం పెరిగింది. మెట్ల దగ్గర మైకు తీగ తీసి జేబులో పెట్టుకున్నాడు. నాకు చటుక్కున చిన్నప్పటి అన్నయ్య గుర్తొచ్చి, కోపం పట్టుకుని ఉండటం కష్టమైంది. గుర్తుపట్టాలి, ఎలాగైనా గుర్తుపట్టాలి, అని మనసులో అనుకుంటూ వెనకాలే నడిచాను.

అమ్మ తన బల్ల దగ్గర కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకుని, స్వెట్టరు సర్దుకుని, ట్యాబుకేసి చూస్తోంది. అది ఇంకా వెలగలేదు.

"అమ్మా," అన్నాడు అన్నయ్య.

అమ్మ తలెత్తింది. ముఖం కంటే ముందు కోటు చూసింది. "భుజం దగ్గర లాగుతోందండీ. ఎవరు కుట్టారు?"

"అమ్మా, నేనే. చంటిని."

"మావాణ్ణి కూడా అలాగే పిలుస్తాం," అంది అమ్మ మర్యాదగా. "కూర్చోండి. వాడు వచ్చే వేళే ఇది."

కూర్చోడానికి కుర్చీ లేదు. అన్నయ్య ఆవిడ ముందు మోకాళ్ళ మీద వంగి, చెయ్యి పట్టుకున్నాడు. ఎన్నోసార్లు నేను అడిగిన పనే. అమ్మ తన చెయ్యి మెల్లిగా విడిపించుకుని, నాకేసి చూసి, "మీ గౌను వచ్చే వారం" అంది. నన్ను చూస్తే గౌనైనా గుర్తొచ్చింది. ఆయన్ని చూసి ఏమీ గుర్తు రాలేదు. ఆవిడకి మిగిలిన చంటి ఆ అద్దంలోనివాడే, రోజూ వచ్చేవాడు, గుండీ ఊడినవాడు.

ట్యాబు వెలిగింది.

"అమ్మా, తిన్నావా?" అన్నాడు అందులోని అన్నయ్య.

అమ్మ ముఖం వెలిగింది. అలా వెలగడం అన్నయ్య అప్పటిదాకా చూడలేదు, ఎందుకంటే కాల్లో ఎప్పుడూ తన ముఖమే చూసుకున్నాడు. ఇప్పుడు చూశాడు.

"తిన్నాను నాన్నా. నువ్వు తిన్నావా? చిక్కిపోయావు."

"సరేనమ్మా."

"అమ్మా, ఇటు చూడు, నేను ఇక్కడున్నాను," అన్నాడు కింద కూర్చున్న అన్నయ్య.

"ఉండండి బాబూ, మావాడు మాట్లాడుతున్నాడు," అంది అమ్మ. అద్దం మీద వేలు పెట్టింది. "చంటీ, గుండీ దొరికిందిరా. ఎంత వెతికానో. వచ్చి తీసుకెళ్ళు. రేపు వస్తావా?"

ఖాళీ. ఆ ఖాళీ ఎంతసేపు ఉంటుందో లెక్కగట్టి పెట్టిన మనిషి దాని ఇవతల మోకాళ్ళ మీద కూర్చుని విన్నాడు. "సరేనమ్మా," అన్నాడు తెర మీది మనిషి, నవ్వుతూ, జుట్టు సర్దుకుంటూ.

అన్నయ్య ట్యాబుని బల్ల మీద బోర్లా పడేశాడు.

"అదేంటండీ, మాట మధ్యలో ఆపేశారు?" అమ్మ లేచి నిలబడింది. "కొడుకుతో మాట్లాడుతుంటే ఇలాగేనా చేసేది? మీకు తల్లి లేదా?"

గదిలో అందరూ ఇటు తిరిగారు. మేనేజరు దగ్గరికి వచ్చి మెల్లిగా, "చూశారా సార్, ఈ ఉద్రేకం. పైకి మార్చేద్దాం" అన్నాడు.

"ఆవిడ ఇక్కడే ఉంటుంది," అన్నాడు అన్నయ్య. తల ఎత్తలేదు. "తీసేయాల్సింది వీణ్ణి." బోర్లా పడున్న ట్యాబుని చూపించాడు. మేనేజరు నవ్వు ఆ ఒక్కసారి ఎటు పోవాలో తెలియక ఆగింది.

నేను అమ్మకి టీ కప్పు అందించాను. రెండు గుక్కలు తాగేసరికి కోపం ఎందుకొచ్చిందో పోయింది. కింద కూర్చున్న ఈ పెద్దమనిషి ఎందుకు ఏడుస్తున్నాడో ఆవిడకి తెలియలేదు, కానీ జాలి వేసింది. కూర్చుని, స్వెట్టరు చేతి మడత విప్పి అందులోంచి ఏదో తీసింది. ఎవరి వెతుకులాటకీ దొరక్కుండా దాచుకున్న గుండీ. తెల్లది, చిన్నది, నాలుగు కన్నాలది. ఆ చొక్కాకి సరిగ్గా సరిపోయేది.

"బాబూ, మీరు బయట తిరిగే మనుషులు," అంది. "మావాడు ఎక్కడైనా కనపడితే ఇది ఇవ్వండి. రెండో గుండీ. గట్టిగా కుట్టించుకోమనండి. మరిచిపోకండేం."

అన్నయ్య చెయ్యి చాచి తీసుకున్నాడు. గంటలకొద్దీ మాట్లాడి బతికే మనిషి నోట చివరికి వచ్చింది ఒక్క మాటే.

"సరేనమ్మా."

అమ్మ చటుక్కున ఆయన ముఖంలోకి చూసింది. ఈసారి కోటు కాదు, ముఖమే. కళ్ళు చిట్లించి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు చాలాసేపు చూసింది.

"మావాడూ అచ్చం ఇలాగే అంటాడండీ," అంది. "రాడు."